ఎవరిని పంపాలి, ఏమడగాలి: చెన్నైలో మహిళా పత్రిక అసైన్‌మెంట్ డెస్కులో ఇంటర్న్ పని

ఉదయం తొమ్మిదీ నలభై. రాయపేటలో మా ఆఫీసు ఉన్న మేడ గదిలో ఫ్యాను ఇంకా వేగం పుంజుకోలేదు. ఎడిటరు మేడమ్ బ్యాగు బల్ల మీద పెడుతూనే అడిగే మొదటి మాట: "ఇవాళ ఎవరు, ఎక్కడ?" ఆ ప్రశ్నకి జవాబు సిద్ధంగా ఉంచుకోవడమే అసైన్‌మెంట్ ఎడిటరు ఉద్యోగం. ఆ జవాబుకి కావలసిన సరుకంతా ముందురోజు సాయంత్రానికే పోగేసి పెట్టడం ఇంటర్న్ పని.

నేను నెల్లూరు నుంచి వచ్చి ఆ బల్ల దగ్గర ఆరు నెలలు ఇంటర్న్‌గా కూర్చున్నాను. తర్వాత అదే బల్లకి అవతలి వైపు కూర్చుని ఇంటర్న్‌లకి పని చెప్పాను. జర్నలిజం కాలేజీల్లో రిపోర్టింగు చెబుతారు, ఎడిటింగు చెబుతారు. ఈ రెండిటి మధ్య ఉన్న పనిని మాత్రం ఒక్క పీరియడ్‌లో తేల్చేస్తారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందే ఒక మాట. ఈ పనిలో మీ పేరు పత్రికలో పడదు. ఇంటికి ఫోన్ చేసి "అమ్మా, ఇరవై రెండో పేజీ చూడు" అని చెప్పుకునే యోగం ఉండదు. బైలైన్ మీద మోజు గట్టిగా ఉంటే రిపోర్టింగు ఇంటర్న్‌షిప్పే అడగండి, తప్పేం లేదు. ఒక కథ ఎక్కడ మొదలై, ఎవరి చేతిలో ఎలా మలుపు తిరిగి అచ్చులోకి వెళుతుందో మొత్తం చూడాలనుకుంటే మాత్రం దీనికి మించిన కుర్చీ లేదు.

అడుగు 1: చేరకముందు

దరఖాస్తుతో పాటు మీరు రాసిన వ్యాసాలు పంపితే పంపండి గానీ, వాటికంటే పనికొచ్చేది ఇంకోటుంది. ఆ పత్రిక గత ఆరు సంచికలు చదివి, వాళ్లు వదిలేసిన ఐదు కథలకి ఐడియాలు రాసి పంపండి. ఒక్కోటీ ఐదారు వాక్యాలు చాలు: ఏం జరుగుతోంది, ఇప్పుడే ఎందుకు రాయాలి, ఎవరితో మాట్లాడాలి. నాకు వచ్చిన దరఖాస్తుల్లో పదికి తొమ్మిది "మహిళా సాధికారత పట్ల నాకున్న అభిరుచి" అని మొదలయ్యేవి. ఐడియాలు పంపిన అమ్మాయిని ఆ రోజే పిలిచేవాళ్లం.

ఆఫరు వచ్చాక నాలుగు సంగతులు రాతపూర్వకంగా అడగండి: స్టైపెండ్ ఎంత, ఏ తేదీకి ఇస్తారు, పని గంటలెన్ని, బయటికి పంపితే దారి ఖర్చులు ఎవరివి. మొహమాటపడొద్దు. ఆడవాళ్ల శ్రమకి విలువ కట్టమని ప్రతి సంచికలోనూ రాసే చోట, మీ శ్రమకి కట్టిన విలువ అడగడం ఏం తప్పు?

అలాగే అంతర్గత కమిటీలో ఎవరెవరున్నారో కనుక్కోండి. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి ఆఫీసులో ఈ కమిటీ ఉండాలి. ట్రెయినీలు, అప్రెంటిస్‌లు కూడా ఆ చట్టం కింద ఉద్యోగులే. పదిమంది కంటే తక్కువున్న చోట జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. పత్రిక పేరులో మహిళ ఉన్నంత మాత్రాన కమిటీ ఉండే ఉంటుందనుకోకండి. అడిగే తెలుసుకోండి.

భాష సంగతి. చెన్నైలో తమిళం రాకుండా ఈ పని సగమే నడుస్తుంది. మాట్లాడటం రాకపోయినా, తమిళ పేపర్ల హెడ్డింగులు కూడబలుక్కుని చదివేంతైనా నేర్చుకోండి. నేను బస్సుల బోర్డులతో మొదలుపెట్టాను.

అడుగు 2: మొదటి వారం, పాత కాగితాలు

మొదటి వారం మీకెవరూ పెద్ద పని చెప్పరు. ఆ వారాన్ని పాత సంచికల మీద పెట్టండి. మన పత్రికవే కాదు, ఇంకా పాతవి.

తెలుగు మహిళా పత్రికలకి చెన్నపట్నంతో పాత చుట్టరికం ఉంది. కందుకూరి వీరేశలింగం 1883లోనే ‘సతీహిత బోధిని’ పెట్టారు. 1902లో ‘హిందూ సుందరి’ వచ్చింది. డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో ‘గృహలక్ష్మి’ని మొదలుపెట్టింది మాత్రం మద్రాసులోనే. దుర్గాబాయి ఆంధ్ర మహిళా సభ పుట్టింది కూడా ఇక్కడే. కేసరిగారు ఆడవాళ్ల మందు ‘లోధ్ర’ అమ్మే కేసరి కుటీరం అధిపతి కూడా. అంటే మహిళా పత్రికకీ, మహిళలకి వస్తువు అమ్మే వ్యాపారానికీ సంబంధం నిన్న మొన్నటిది కాదు. చీరల షాపు ప్రకటన వెనక అట్ట మీద ఉన్న సంచికలో చీరల షాపు పనివాళ్ల గురించి రాయాల్సి వచ్చినప్పుడు ఇది గుర్తుంటుంది. ఆ సందర్భం కిందే వస్తుంది.

పాత పత్రికల కోసం ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి వెళ్లండి. 1896 నాటిది, దేశంలో అచ్చయ్యే పుస్తకాలు, పత్రికలు వచ్చి చేరే డిపాజిటరీ లైబ్రరీల్లో ఒకటి. రెండు మధ్యాహ్నాలు కూర్చుంటే చాలు. "ఈ ఐడియా కొత్తది" అనే మాట ఆ తర్వాత జాగ్రత్తగా వాడతారు.

అడుగు 3: డైరీ

అసైన్‌మెంట్ డెస్కు ప్రాణం డైరీలో ఉంటుంది. మా దగ్గర గూగుల్ షీట్ ఉండేది, దాంతో పాటు ఒక గళ్ల నోటు పుస్తకం కూడా. కరెంటు పోయినా, నెట్ పోయినా నోటు పుస్తకం తెరుచుకుంటుంది.

ఇందులో ఏం రాయాలి? జరగబోయేవన్నీ. మార్చి 8, మే 28 బహిష్టు పరిశుభ్రత దినం, నవంబరు 25 మహిళలపై హింసా వ్యతిరేక దినం లాంటివి ఎటూ అందరి డైరీల్లోనూ ఉంటాయి. ఇంటర్న్ విలువ తెలిసేది మిగతా తేదీల్లో. జూలై మధ్యలో తమిళుల ఆడి మాసం తగ్గింపు అమ్మకాలు మొదలవుతాయి, టీ.నగర్‌లో సేల్స్ అమ్మాయిలు నిలబడే గంటలు పెరుగుతాయి. జూన్‌లో బడులు తెరుస్తారు, మే చివర్లోనే తల్లుల మెళ్లో గొలుసులు తాకట్టు కొట్టుకి వెళతాయి. ఏప్రిల్ వస్తే నీళ్ల లారీ ఏ వీధికి ఏ వేళకి వస్తుందన్నది ఆ వీధి ఆడవాళ్ల దినచర్యను నిర్ణయిస్తుంది. 2019 వేసవిలో నగరం మొత్తం ప్లాస్టిక్ బిందెల వరస అయిపోయింది. అక్టోబరు దాటితే ఈశాన్య వానలు, కింది ఇళ్లలోకి నీళ్లు. ఇవి ఏ ప్రెస్ నోటులోనూ రావు.

ప్రభుత్వ పథకాలకి వేరే పేజీ పెట్టండి. మొదలైన రోజు అందరూ రాస్తారు, ఏడాది తర్వాత ఎవరూ రాయరు. ఆడవాళ్లకి మామూలు టౌన్ బస్సుల్లో ఉచిత ప్రయాణం తమిళనాడులో 2021 మేలో వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15న మొదలైంది. ఇంటి యజమానురాలికి నెలకి వెయ్యి రూపాయలిచ్చే మగళిర్ ఉరిమై తొగై 2023 సెప్టెంబరు 15న కాంచీపురంలో ప్రారంభమైంది. మూడు రాష్ట్రాల ఆడవాళ్లు మిగిలిన బస్సు ఛార్జీ డబ్బుల్ని ఏం చేస్తున్నారన్న ఒక్క ప్రశ్నలో నాలుగు కథలున్నాయి. తెలుగు ఇంటర్న్‌గా ఆ మూడు చోట్లా ఫోన్ చేయగలిగింది ఆఫీసులో మీరొక్కరే కావచ్చు.

డైరీలో ఒక గడి తప్పనిసరిగా ఉంచండి: "మన పాత కథ ఏమైంది?" ఆరు నెలల కిందట మనం రాసిన మనిషికి ఇప్పుడెలా ఉందో వారానికి ఒకరినైనా అడగాలి. మంచి ఫాలోఅప్‌లన్నీ నాకు ఆ గడి నుంచే వచ్చాయి.

అడుగు 4: ఐడియాను పనిగా మార్చడం

అసలు పని ఇక్కడుంది. నిదానంగా చెబుతా.

నేను చేరిన నెలకి మీటింగులో నా మొదటి ఐడియా చదివాను: "టీ.నగర్ సేల్స్‌గర్ల్స్ కష్టాలు." మేడమ్ కాగితం తీసుకుని ‘కష్టాలు’ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. "కష్టం ఫోటో తీయగలవా? లెక్క పెట్టగలవా? దేన్ని లెక్క పెట్టొచ్చో అది కనుక్కుని రా" అన్నారు.

రెండు రోజులు రంగనాథన్ వీధిలో, ఉస్మాన్ రోడ్డులో కొనుక్కునే మనిషిలా తిరిగాను. మూడు షాపుల్లో చీరలు విప్పించి మడత పెట్టించినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. అప్పుడు కళ్లబడింది కుర్చీ. అంటే, కుర్చీ లేకపోవడం. తమిళనాడు దుకాణాలు, సంస్థల చట్టంలో 2021లో 22-ఏ సెక్షన్ చేర్చారు. పనిచేసేవాళ్లు వీలు చిక్కినప్పుడు కూర్చోవడానికి తగిన ఏర్పాటు ఉండాలని అది చెబుతుంది. కేరళ ఇదే పని 2018లో చేసింది. కోజికోడ్ బట్టల షాపుల అమ్మాయిలు అంతకుముందు చాలా ఏళ్లు పోరాడారు. చట్టమైతే ఉంది. కుర్చీ ఉందా? ఉంటే కూర్చోనిస్తున్నారా?

ఐడియా ఇప్పుడు పని అయింది. రిపోర్టరుకి ఇచ్చిన బ్రీఫు, అంటే ఎవరిని కలవాలో ఏమడగాలో చెప్పే కాగితం, నా నోటు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు:

"ప్రశ్న: చట్టం వచ్చాక కుర్చీ వచ్చిందా? వస్తే దాని మీద ఎవరు కూర్చుంటున్నారు?
మనుషులు: ఐదుగురు సేల్స్ అమ్మాయిలు, పెద్ద షాపు, చిన్న షాపు రెండూ ఉండాలి. ఒక ఫ్లోర్ సూపర్‌వైజరు. కార్మిక శాఖలో ఒకరు. కాళ్ల నరాల ఉబ్బు చూసే డాక్టరు ఒకరు.
చోటు: షాపులో మాట్లాడించొద్దు. మాంబళం స్టేషన్ మెట్ల దగ్గర, లేదంటే వాళ్లు చెప్పిన చోట, షాపు మూశాక.
అడగాల్సినవి: నిన్న ఎన్నింటికి నిలబడ్డావు, ఎన్నింటికి కూర్చున్నావు, మొదట ఎక్కడ కూర్చున్నావు. బాత్రూంకి వెళ్లాలంటే ఎవరికి చెప్పాలి. కూర్చున్నప్పుడు ఎవరేమన్నారు, ఏ మాటల్లో.
అడగకూడనివి: పెళ్లెప్పుడు. ఈ ఉద్యోగం ఎందుకు మానవు.
ఫోటో: మొహాలొద్దు. యూనిఫాం చీర అంచు కూడా పడకూడదు, దాన్నిబట్టి షాపు తెలిసిపోతుంది. పాదాలు, చెప్పులు, స్టేషన్ మెట్లు.
తిరుగు దారి: పని రాత్రి పది దాటుతుంది. ఆటో డబ్బులు ఆఫీసువి. ఇల్లు చేరాక మెసేజ్.
గడువు: శుక్రవారం మధ్యాహ్నం మూడు."

"నిన్న ఎన్నింటికి కూర్చున్నావు" అన్న ప్రశ్న చూడండి. "మీకు కూర్చునే అవకాశం ఉందా?" అని అడిగితే ఎవరైనా "ఆ, ఉందండీ" అంటారు, వెనక సూపర్‌వైజరు లేకపోయినా సరే. నిన్నటి రోజును గంట గంటకీ గుర్తుచేసుకోమంటే నిజం దానంతటదే బయటికొస్తుంది. రిపోర్టరు తెచ్చిన వాటిలో నాకు ఇప్పటికీ మరపురానిది ఒకటుంది. ఒక షాపులో చట్టం కోసం స్టూళ్లు కొన్నారు, వాటి మీద బట్టల కట్టలు పేర్చారు. స్టూలుకి విశ్రాంతి లేదు, అమ్మాయికీ లేదు.

వెనక అట్ట ప్రకటన సంగతి. ఆ సంచికలో నిజంగానే ఒక చీరల షాపు ప్రకటన ఉంది. ప్రకటనల విభాగం నుంచి ఫోనొచ్చింది. అలాంటి ఫోను మీకు వస్తే వాదించకండి, ఒప్పుకోకండి. "మేడమ్‌కి చెబుతానండీ" అని పెట్టేసి, ఎన్నింటికి ఎవరు ఏమన్నారో రాసుకోండి. ఆ నిర్ణయం ఎడిటరుది. కథ అచ్చయింది. ప్రకటన ఒక సంచిక వెనక్కి జరిగింది.

అడుగు 5: ఎవరికివ్వాలి

రిపోర్టర్లు, బయటినుంచి రాసిచ్చే కంట్రిబ్యూటర్లు, ఫోటోగ్రాఫర్ల పేర్లు రాసుకుంటే సరిపోదు. ఎవరు ఏ ఏరియాలో ఉంటారు, ఏ భాషలు వచ్చు, రాత్రి వెళ్లగలరా, ఇంట్లో పసిపిల్లలున్నారా, కిందటి డబ్బు ముట్టిందా, ఇదంతా ఒక షీటులో ఉండాలి. చివరిది చిన్న సంగతి కాదు. కథ అచ్చయి మూడు నెలలైనా డబ్బు రాని కంట్రిబ్యూటరు మళ్లీ ఫోనెత్తదు, ఎత్తాల్సిన పనీ లేదు. అకౌంట్స్‌కి వారానికోసారి గుర్తుచేయడం మా ఆఫీసులో ఇంటర్న్ పనే. ఆ పనివల్లే నాకు స్నేహాలు ఎక్కువ.

భాష విషయానికి మళ్లీ వస్తా. చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. 2025 ఆగస్టులో రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల పనిని ప్రైవేటుకి ఇవ్వొద్దని కార్పొరేషన్ ఆఫీసు రిపన్ బిల్డింగు ముందు పదమూడు రోజులు కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. అలాంటి చోటుకి తమిళ రిపోర్టరుతో పాటు తెలుగొచ్చిన మనిషిని కూడా పంపమని మీరు అడగాలి. మైకు ముందు తమిళంలో చెప్పే మాట ఒకటి, పక్కనున్న ఆమెతో తెలుగులో అనుకునే మాట ఇంకొకటి.

అయితే రెండు జాగ్రత్తలు. వాళ్ల తెలుగు తరాలుగా తమిళంతో కలిసి పెరిగిన తెలుగు. దాన్ని దిద్దకండి, రాతలో మన జిల్లా తెలుగులోకి మార్చకండి. ఇంకోటి, "అమ్మా, మీదే ఊరు?" అని మొదలుపెట్టకండి. అమ్మమ్మ కూడా ఇక్కడే పుట్టిన మనిషి ఆ ప్రశ్నకి మనల్ని ఎగాదిగా చూసి "ఈ ఊరే" అంటుంది. అక్కడితో సగం తలుపు మూసుకున్నట్టే.

అడుగు 6: ఫోను

ఇది నేను చేసిన తప్పు, పూర్తిగా నాదే.

చేరిన రెండో నెలలో ఒకామె కథ వివరాలు సరిచూడమన్నారు. ఇంట్లో తెలియకుండా చీటీ కట్టి, ఆ డబ్బుతో కుట్టు మిషను కొనుక్కున్న మనిషి. రిపోర్టరు ఇచ్చిన నంబరుకి రాత్రి ఏడున్నరకి ఫోన్ చేశాను. మగ గొంతు ఎత్తింది. నేను ఉత్సాహంగా ఫలానా పత్రిక అని చెప్పి, "మీ ఆవిడ చీటీ సంగతి చిన్న డౌటండీ" అన్నాను. అవతల నిశ్శబ్దం. మర్నాడు పొద్దున ఆమె పక్కింటి ఫోన్ నుంచి చేసింది. "నా పేరు తీసెయ్యండి మేడమ్. కథే తీసెయ్యండి." తీసేశాం. ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం జరిగిందో ఆమె చెప్పలేదు. అడిగే హక్కు నాకు లేదు.

ఇంట్లో ఒకటే ఫోను, అదీ భర్తదో కొడుకుదో అయిన ఇళ్లు ఎన్నో. అందుకే అప్పటినుంచి మా సోర్సు షీటులో, అంటే మాతో మాట్లాడినవాళ్ల వివరాలుండే పట్టీలో, మూడు గడులు చేరాయి. ఈ ఫోను ఎవరిది? ఏ వేళ చేయొచ్చు? వేరే ఎవరైనా ఎత్తితే ఏమని చెప్పాలి? మూడోదానికి జవాబు ఆమే చెప్పాలి. కొందరు "బట్టల షాపు నుంచి అని చెప్పండి" అంటారు. కొందరు "ఏం చెప్పకుండా పెట్టెయ్యండి" అంటారు. రాంగ్ నంబరంటూ పెట్టేసి, మళ్లీ మళ్లీ చేయడం అన్నిటికంటే ప్రమాదం. వాట్సాప్‌లో ప్రశ్నలు పంపేముందు కూడా ఇదే అడగాలి.

అడుగు 7: చట్టం ఎక్కడ అడ్డుపడుతుంది

లాయరు పని మీది కాదు. ఏ కథ లాయరు దగ్గరికి వెళ్లాలో కనిపెట్టే పని మాత్రం మీదే.

అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే రెండేళ్ల వరకూ జైలు. ఒకప్పుడు అది ఐపీసీ 228-ఏ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్. పేరు రాయకపోతే చాలనుకోవద్దు. మనిషిని పోల్చుకోవడానికి వీలిచ్చే ఏ వివరమూ రాకూడదని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. పిల్లల విషయంలో, వాళ్ల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో 23వ సెక్షన్ ఉంది. పనిచోటి వేధింపుల ఫిర్యాదుల్లో ఫిర్యాదీ, ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషి, సాక్షుల వివరాలు, విచారణలో జరిగిన సంగతులు అచ్చు వేయకూడదని 2013 చట్టం 16వ సెక్షన్ చెబుతుంది.

రాసినదాన్ని దిద్దే కాపీ డెస్కుకి వెళ్లేముందు ఇలాంటి వాక్యం కనపడితే ఆపండి: "అంబత్తూరులో గార్మెంట్ కంపెనీ క్యాంటీన్‌లో పనిచేసే, గూడూరు నుంచి వచ్చిన, కవల ఆడపిల్లలున్న 34 ఏళ్ల మహిళ." పేరు ఎక్కడా లేదు. ఆ కంపెనీలో ఆమె ఎవరో తెలియని మనిషీ ఉండడు. ఊరు తీసేయాలా, పిల్లల సంగతి తీసేయాలా, క్యాంటీన్ తీసేయాలా అన్నది డెస్కుతో కూర్చుని తేల్చుకోవాలి. ‘పేరు మార్చాం’ అని కింద రాసినంత మాత్రాన పనైపోదు.

"ఆమె ఒప్పుకుంది కదా" అని రిపోర్టరు అంటే, దేనికి ఒప్పుకుందో విడివిడిగా అడగండి: మాటకా, పేరుకా, ఫోటోకా, ఇంటర్నెట్‌లో శాశ్వతంగా ఉండటానికా? మా ఆఫీసులో ఈ నాలుగింటికీ వేర్వేరు టిక్కులు పెట్టేవాళ్లం.

అడుగు 8: విజయగాథల ఊబి

మహిళా పత్రికకి రోజూ వచ్చే మెయిళ్లలో సగం ఇవే. ఒంటి చేత్తో సంసారాన్ని ఈదింది, ఆటో నడిపింది, కోట్లకి పడగలెత్తింది. రాయొద్దని నేననను. నాకూ ఇష్టమే. కానీ పొగడ్త ఒక్కటే ఉన్న కథని పని మీదికి పంపకండి. పంపేముందు బ్రీఫులో ఈ ప్రశ్నలు ఎక్కించండి. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంటుంది? ఇల్లు ఎవరి పేర? అప్పెంత, ఏ వడ్డీకి? ఆమె బయటికెళ్లిన గంటల్లో ఇంటి పని ఎవరు చేస్తున్నారు? చాలాసార్లు ఆఖరి ప్రశ్నకి జవాబు "అత్తగారు" అనో "పెద్దపిల్ల" అనో వస్తుంది. పెద్దపిల్ల బడి మానిందా అని అడిగితే అసలు కథ అప్పుడు మొదలవుతుంది.

అంకెలతో కూడా ఇదే తంతు. ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని 2019 జాతీయ టైమ్ యూజ్ సర్వే లెక్క. ఈ అంకెను హెడ్డింగులో పెడితే పాఠకురాలు నిట్టూర్చి పేజీ తిప్పేస్తుంది. మేం ఒక రిపోర్టరుని వ్యాసార్పాడిలో ఒక ఇంట్లో తెల్లారి నాలుగున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా కూర్చోబెట్టాం, ఇంటివాళ్లందరి అనుమతితో. గడియారం, నోటు పుస్తకం, అంతే. నీళ్ల కోసం నిలబడ్డ నలభై నిమిషాల్లో ఆమె పక్కింటావిడ చీటీ లెక్క చూసింది, పిల్లాడికి ఎక్కాలు అప్పజెప్పించుకుంది. దాన్ని ఏ గడిలో వేయాలి? ఆ రిపోర్టరు ఇప్పటికీ తేల్చుకోలేదు.

కొన్ని మాటలు మా డెస్కులో నిషేధం: వీరవనిత, మగవాళ్లకి దీటుగా, అబల కాదు సబల. నిషేధం పెట్టాక ప్రెస్ నోట్లు చదవడం భలే సరదాగా ఉంటుంది.

అడుగు 9: గడువులు

గడువు దాటాక ఫోన్ చేయడం వృథా. సగం గడువు గడిచాక చేయండి. బుధవారం "ఎంతవరకు వచ్చింది అక్కా?" అని అడిగితే "ఆ డాక్టరు దొరకట్లేదు" అని తెలుస్తుంది, ఇంకో డాక్టరు నంబరివ్వొచ్చు. శుక్రవారం అడిగితే సాకు మాత్రమే వస్తుంది. ప్రతి సంచికకీ రెండు కథలు అదనంగా, ఎప్పుడైనా పెట్టగలిగేవి సిద్ధంగా ఉంచండి. ఎందుకంటే ఒకటి పడిపోతుంది, ఎప్పుడూ.

ప్రభుత్వం నుంచి లెక్కలు కావాల్సిన కథకి సమాచార హక్కు దరఖాస్తు ముందే వేయించండి. పది రూపాయల రుసుము, జవాబుకి ముప్ఫై రోజుల గడువు. అవి రాబోయే సంచికల కోసం. ఈ వారం కథకి పనికిరావు.

అడుగు 10: మార్చి 8

ఫిబ్రవరి పదిహేను నుంచి మెయిల్ పెట్టె గులాబీ రంగులోకి మారుతుంది. నగల షాపు మహిళా నడక, ఆస్పత్రి మహిళా ప్యాకేజీ, అపార్టుమెంటు సంఘం ముగ్గుల పోటీ. వాటిని మూడు కుప్పలు చేయండి. ప్రకటన అయినవి ప్రకటనల విభాగానికి. నలుగురికి పనికొచ్చే శిబిరాలు, న్యాయ సలహాలు ‘ఈ వారం’ గడిలోకి. మిగతావి చెత్తబుట్టకి. పాపం అనిపిస్తుంది గానీ తప్పదు. ఆ రోజు సంచికకి కావాల్సిన కథలు జనవరిలోనే డైరీలో ఉండాలి. ఒక ఏడాది మేం మార్చి 8న సెలవు దొరకని ఆడవాళ్లని మాత్రమే రాశాం. మహిళా దినోత్సవ సభకి కుర్చీలు వేసినామె మొదటి పేరు.

అడుగు 11: వెళ్లేటప్పుడు

సర్టిఫికెట్‌తో పాటు మీరు పనిచేసిన కథల పట్టీ తయారుచేసి మేడమ్ సంతకం పెట్టించుకోండి. బైలైన్ లేని పనికి అదే సాక్ష్యం. ఆఫీసు ఫోన్ నంబర్లు మీ సొంత ఫోన్లో ఉంటే చెరిపేయండి. ఆ మనుషులు నమ్మింది పత్రికని, మిమ్మల్ని కాదు. ఇంకోచోట చేరాక వాళ్లతో పనిపడితే మళ్లీ పరిచయం చేసుకుని అడగాలి.

నోటు పుస్తకం తర్వాతి ఇంటర్న్‌కి అప్పజెప్పండి. పక్కన కూర్చుని ఒక పూట పేజీలు తిప్పించండి. ఏ నంబరు ఎవరిది, ఏ వీధికి నీళ్ల లారీ ఎప్పుడు, ఏ రిపోర్టరుకి డబ్బు బాకీ ఉంది, ఏ డాక్టరు మధ్యాహ్నం మాత్రమే ఎత్తుతాడు. కొన్ని నంబర్ల పక్కన ఎర్ర సిరాతో ‘ఆరు దాటాక చేయొద్దు’ అని ఉంటుంది. ఎందుకని అడుగుతారు. ఆ చీటీ కథ అప్పుడు చెప్పండి.